ముప్పై ఒకటో ప్రశ్న

వాల్పరైసో కొండ లిఫ్టు
కీచుమంటూ పైకి పాకుతోంది.
నా ఒళ్ళో మంచుపెట్టె,
అందులో ఇరవై రెండు ఖాళీ సీసాలు,
ఇరవై మూడు సిలికాన్ కడియాలు
(ఏదైనా తెగితే ఉంటుందని ఒకటి ఎక్కువ).
వారం రోజులు చేతికుంటే చాలు
గాలిలో ఉన్నదంతా తాగి దాచుకుంటాయి.
నా పని ఇంతే:
తొడగడం, విప్పడం, చీటీ అంటించడం.

అగ్నిమాపక కేంద్రంలో జీతగాళ్ళు లేరు.
పగలు రొట్టెలు కాల్చేవాడు,
పగలు పళ్ళు పీకేవాడు,
పగలు రేవులో క్రేను నడిపే యస్నా ఒయార్సే,
సైరన్ మోగితే అందరూ ఒక్కటే పరుగు.
హెల్మెట్టు ఎంత నల్లబడితే అంత మర్యాద ఇక్కడ.
కొత్తగా చేరిన కుర్రాడు
తళతళలాడే తన హెల్మెట్టుకి సిగ్గుపడి
కాలిన దూలానికేసి రుద్దుతున్నాడు.
ఆ మసిలో ఏముందో చెప్పడానికే వచ్చినదాన్ని,
నోరు పెగల్లేదు.

ప్రశ్నలు అరవై.
ఎన్ని మంటలు? ఎన్ని గంటలు? మాస్కు ఎప్పుడు తీస్తారు?
"మంట ఆరగానే" అంది యస్నా,
"అప్పుడే కదా ఊపిరి పీల్చుకోవాలనిపించేది."
రాసుకున్నాను.
గర్భం ఎన్నిసార్లు నిలిచింది?
ఆమె కిటికీలోంచి ఓడల్ని చూసింది.
ఒక ఓడ కదిలేదాకా చూసింది.
"రెండు" అంది.
కాసేపాగి, "నిలవలేదు. రాసుకో."
రాసుకున్నాను.
జాకెట్టు మగవాళ్ళ కొలతకి కుట్టిందట,
మెడ దగ్గర రెండు వేళ్ళ సందు.
అందులోంచి పొగ లోపలికొస్తుందని
తెలిసిన చుట్టం గురించి చెప్పినట్టు చెప్పింది.

ముప్పై ఒకటి:
యూనిఫాం ఎవరు ఉతుకుతారు?
గళ్ళు మూడే ఉన్నాయి. మీరు. కేంద్రం. ఇతరులు.
"అమ్మ" అంది.
ఇతరులకి టిక్కు పెట్టాను.

ఇతరుల ఇంటికి నూట పన్నెండు మెట్లు.
నీలం రేకుల గోడ, తొట్టి, పక్కన చతికిలబడి ఎడెల్మీరా.
నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ
అడవి మంట ఆరి పదకొండు రోజులైంది,
తొట్టి నీళ్ళలో ఇంకా
యూకలిప్టస్ కాలిన వాసన.
ఇరవై ఆరేళ్ళు మొగుడి జాకెట్టు,
తొమ్మిదేళ్ళుగా కూతురిది.
మనవడి చొక్కాలూ అదే తొట్టిలో.
మొగుడికి మూత్రాశయంలో ఏదో అన్నారు, పోయాడు.
అంత్యక్రియలకి కూడా ఆ జాకెట్టే
ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇచ్చింది.

"నాకు జలుబు లేకపోయినా నల్లగా చీదుతాను" అంది.
"ఎన్నాళ్ళ నుంచి?"
"నువ్వు అడిగేదాకా లెక్కపెట్టలేదు."

ఇరవై మూడో కడియం ఆమె మణికట్టుకి తొడిగాను.
అనుమతి పత్రం మీద ఆమె పేరు లేదు,
నా పై అధికారికి చెప్పలేదు.
సబ్బు నురగలో పచ్చగా మెరిసింది.
అటూ ఇటూ తిప్పి చూసుకుని
"ఇది నాకే?" అంది.

ఒక్క కడియంతో ఏదీ రుజువు కాదని
ల్యాబ్‌లో మందలించారు. నిజమే.
నివేదికలో ఇరవై రెండు వరుసలే ఉన్నాయి.
ఇరవై మూడోది నా డ్రాయర్లో
మూత బిగించిన సీసాలో ఉంది.
ఒక్కోసారి డ్రాయర్ తీసి, మళ్ళీ మూస్తాను.

ఆగస్టులో మళ్ళీ వెళ్ళాను, రెండో విడత సీసాలతో.
సన్నటి వాన. నూట పన్నెండో మెట్టు మీద
ఊపిరి ఆడక ఆగిపోయాను.
జాకెట్టు గుమ్మం బయట మేకుకి వేలాడుతోంది,
లోపలికి రానివ్వని మనిషిలా.
పెరట్లో, చలిలో,
బనీనుతో వణుకుతూ యస్నా,
రాత్రంతా ఎక్కడో మంట ఆర్పి వచ్చిన యస్నా.
ఎదురుగా చేత్తో నీళ్ళ గొట్టం పట్టుకుని ఎడెల్మీరా.
"అమ్మా, చాలు!"
"ఏం చాలు? అటు తిరుగు.
మెడ వెనక ఇంకా ఉంది."